ఊపిరి అందుకుంది, ఎముకకు ఇంకా టైం కావాలి

ప్రశ్న: నా వయసు 43. హనుమకొండలో ప్రభుత్వ హైస్కూల్ టీచర్‌ని. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు. బీపీకి టెల్మిసార్టాన్, మెటోప్రొలాల్ కలిసిన మాత్ర రోజూ వేసుకుంటాను. మూడు నెలల సగటు షుగర్ పరీక్షలో 6.0 వచ్చింది, మందులు ఇంకా మొదలుపెట్టలేదు. సంక్రాంతి సెలవులు అయిపోగానే రన్నింగ్ మొదలుపెట్టి, రోజూ తెల్లవారుజామున కాలనీ సిమెంటు రోడ్డు మీద 2 కిలోమీటర్లు పరుగెత్తుతున్నాను. కిలోమీటరుకు ఆరుంబావు నిమిషాలు పడుతోంది. మూడో వారం నుంచి కుడికాలికి మోకాలి కింద, ముందు ఎముక లోపలి అంచు వెంట నొప్పి. మొదట్లో ఉంటుంది, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంది, సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి మళ్లీ లాగుతుంది. ఇంకో అనుమానం. పరుగెత్తేటప్పుడు వాచీలో గుండె వేగం 118 దాటదు, జోన్ 2, అంటే తేలిక శ్రమ అని చూపిస్తుంది. నాకేమో నోట మాట రాదు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో 10కె, అంటే 10 కిలోమీటర్ల పరుగు, గంటలో పూర్తి చేయాలని, అప్పటికి పది కిలోలు తగ్గాలని కోరిక. మోకాళ్లు అరిగిపోతాయని మా ఆవిడ గోల. బూట్లు పాత కాన్వాస్‌వే. ఎనిమిది వేలు పెట్టి మంచివి కొనాలా? ఏం తినాలి? పరుగు ఆపేయాలా?

సమాధానం: ఆపేయనక్కర్లేదు సార్, కానీ రెండు వారాలు పరుగు మానాలి. మళ్లీ మొదలుపెట్టాక ఇప్పటి వేగంతో పరుగెత్తకూడదు. రోజూ అసలే కుదరదు. మీరు అడిగినవాటిలో బూట్ల సంగతి అన్నిటికన్నా చిన్నది, వాచీ సంగతి అన్నిటికన్నా పెద్దది. అందుకే ముందు వాచీతో మొదలుపెడదాం.

వాచీ మీ వయసు ఒక్కటే చూస్తుంది. 220 లోంచి 43 తీసేసి, మీ గుండె గరిష్ఠ వేగం 177 అని అనుకుంటుంది. అందులో 60 నుంచి 70 శాతం, అంటే 106 నుంచి 124 వరకు జోన్ 2 అని గీత గీస్తుంది. మీ మాత్రలో ఉన్న మెటోప్రొలాల్ సంగతి దానికి తెలియదు. ఆ మందు పనే గుండె వేగాన్ని పట్టి ఉంచడం. అది వేసుకునేవాళ్లలో గరిష్ఠ వేగం ఇరవై ముప్పై దాకా తగ్గడం మామూలే. మీ గరిష్ఠం నిజానికి 150 దగ్గర ఉందనుకోండి, అప్పుడు 118 అంటే దాదాపు 80 శాతం. అది గట్టి శ్రమ. ఆయాసపడుతున్న మీ ఊపిరి నిజం చెబుతోంది, వాచీ లెక్క తప్పింది. జోన్లు చూపించే ఆ పేజీని తీసేయండి. టైం, దూరం చూసుకోవడానికి వాచీ చాలు.

దాని బదులు నోటితో కొలుచుకోండి. పరుగెత్తుతూ ఒక ఆటవెలది పద్యం పైకి చదవండి. పాదం పాదానికీ ఒక ఊపిరి తీసుకుని నాలుగు పాదాలూ చెప్పగలిగితే వేగం సరిగ్గా ఉంది. పాదం మధ్యలో తెగిపోతే ఎక్కువైంది. ఏ తడబాటూ లేకుండా రాగం తీసి పాడగలిగితే కాస్త పెంచుకోవచ్చు. ఈ కొలతతో మీ వేగం కిలోమీటరుకు ఎనిమిది, ఎనిమిదిన్నర నిమిషాల దగ్గర తేలుతుంది. గబగబా నడిచేవాళ్లు మీకు కొంచెం వెనకాలే వస్తుంటారు. కాలనీలో తెలిసినవాళ్ల ముందు అంత నెమ్మదిగా పరుగెత్తడం నామోషీగానే ఉంటుంది. కొత్తవాళ్లలో చాలామంది దెబ్బ తగిలించుకునేది ఈ నామోషీతోనే.

మందు గురించి రెండు జాగ్రత్తలు. గుండె వేగం పెరగాలని ఆ మాత్రను మీ అంతట మీరు మానకండి. మెటోప్రొలాల్ హఠాత్తుగా ఆపితే బీపీ, గుండె వేగం ఎగదన్నుతాయి. రెండోది, పరుగు పూర్తికాగానే టక్కున నిలబడిపోకండి. బీపీ మందు వేసుకునేవాళ్లకు అలా ఆగితే రక్తం కాళ్లలోనే ఉండిపోయి కళ్లు తిరుగుతాయి. అయిదు నిమిషాలు నడిచి ఆపండి.

అసలు మీరు ఈపాటికే డాక్టర్‌ను కలిసి ఉండాల్సింది. నలభై దాటిన వయసు, బీపీ, షుగర్ అంచు, ఈ మూడూ ఉన్నవాళ్లు కష్టమైన వ్యాయామం మొదలుపెట్టే ముందు ఫిజీషియన్‌కు చూపించుకోవాలి. పడుకోబెట్టి తీసే ఈసీజీ బాగున్నంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. నడిపిస్తూ గుండెను చూసే ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా అని అడగండి. ఆ పరీక్ష రోజు మీ మాత్ర వేసుకోవాలో వద్దో కూడా ఆయన్నే చెప్పమనండి. పరుగులో ఎప్పుడైనా ఛాతీ మీద బరువు పెట్టినట్టున్నా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, కళ్లు బైర్లు కమ్మినా అక్కడితో ఆపేయండి. ఆపాక కూడా తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. మన దగ్గర ఇలాంటి నొప్పిని గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకునే అలవాటు ఉంది. ఆ అలవాటుతో ప్రాణాలు పోతాయి.

ఇక కాలు. మీరు చెప్పిన గుర్తులు షిన్ స్ప్లింట్స్‌కి సరిపోతున్నాయి. ముందు ఎముక లోపలి అంచున, మోకాలికీ చీలమండకీ మధ్య కింది భాగంలో, ఎముక పైపొరకు వచ్చే రాపిడి నొప్పి ఇది. అదేనని తేల్చుకోవడానికి ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. కుర్చీలో కూర్చుని చీలమండ నుంచి పైకి, ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుతూ రండి. నాలుగు వేళ్ల వెడల్పునో అంతకన్నా ఎక్కువో నొప్పి పరుచుకుని ఉంటే షిన్ స్ప్లింట్స్. రూపాయి బిళ్లంత చోట, అక్కడే, నొక్కితే ఎగిరిపడేంత నొప్పి ఉంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే, ఒంటికాలి మీద గెంతితే అదే చోట సూటిగా పొడిస్తే, ఎముకలో సన్నని పగులు వచ్చి ఉండొచ్చు. అప్పుడు ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మొదటి రెండు మూడు వారాల్లో అలాంటి పగులు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. ఎక్స్‌రే శుభ్రంగా ఉందని మళ్లీ పరుగు మొదలుపెట్టి, పగులును పూర్తిగా విరిగేదాకా తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. అనుమానం ఉంటే ఎంఆర్ఐతో తేలుతుంది.

మూడో వారంలోనే ఎందుకు వచ్చిందంటారా? పరుగు మొదలుపెట్టిన వారం పది రోజుల్లోనే ఒంట్లో రక్తం పరిమాణం పెరుగుతుంది. కండరాలు ఆక్సిజన్‌ను బాగా వాడుకోవడం నేర్చుకుంటాయి. దాంతో మొదటిరోజు వచ్చిన ఆయాసం పదో రోజుకు రాదు, దారిన పడ్డామనిపిస్తుంది. ఎముక దారి వేరు. కొత్త బరువుకు తట్టుకునేలా మారాలంటే అది ముందు తనలోని పాత భాగాన్ని కరిగించుకోవాలి, ఆ తర్వాతే కొత్తది పోసుకుంటుంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ముందు తవ్వేసి ఉంచుతారు చూడండి, అలాంటి దశ అది. తవ్వడం రెండు మూడు వారాల్లో అయిపోతుంది, పూడ్చి గట్టిపడటానికి మూడు నెలల దాకా పడుతుంది. అంటే మీకు ఊపిరి కుదిరి హుషారు వచ్చిన మూడో, నాలుగో వారంలోనే ఎముక అన్నిటికన్నా బలహీనంగా ఉంది. దాని మీద మీరు రోజూ, ఒక్క రోజూ విరామం లేకుండా, 82 కిలోల బరువుతో, వేగంగా అడుగులు వేశారు. సిమెంటు రోడ్డును అందరూ తిడతారు గానీ తప్పులో దాని వాటా కొంచెమే.

రోడ్డు గురించి చూడాల్సింది ఇంకొకటుంది, అది వాలు. మన రోడ్లు నీళ్లు పోవడానికి మధ్యలో ఎత్తుగా, అంచులు కిందికి ఉంటాయి. ఎదురుగా వచ్చే బండి కనపడాలని కుడి అంచునే పరుగెత్తితే కుడికాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. మీ నొప్పి ఒక్క కుడికాలికే ఎందుకుందో దీన్నిబట్టి సరిచూసుకోండి. వారంలో ఒకటి రెండు రోజులు సుబేదారి ఆర్ట్స్ కాలేజీ మైదానంలో మట్టి మీదో, చదునుగా ఉండే చెరువు కట్ట మీదో పరుగెత్తండి. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలోకి అనుమతి ఉంటే సింథటిక్ ట్రాక్ కూడా మంచిదే, కాకపోతే అక్కడ అందరూ ఒకే దిక్కున తిరుగుతారు కాబట్టి లోపలి కాలి మీద భారం ఎక్కువ. కొత్తలో వారానికి ఒక్కసారి చాలు.

ఈ రెండు వారాలూ ఖాళీగా కూర్చోకండి. నడిస్తే నొప్పి రాకపోతే రోజూ 30 నిమిషాలు నడవండి. నడకకే నొప్పి వస్తే సైకిల్. రాత్రి పూట పది నిమిషాలు ఐస్ పెట్టుకుంటే నొప్పికి ఉపశమనం ఉంటుంది, అంతకుమించి దానితో ఒరిగేదేమీ లేదు. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడం మాత్రం మీకు పూర్తిగా నిషిద్ధం. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి నొప్పిని దాచేస్తాయి, ఆ చాటున దెబ్బ పెరుగుతుంది. అంతకన్నా ముఖ్యం, చెమటతో నీళ్లు పోయిన ఒంట్లో టెల్మిసార్టాన్‌కు ఇవి తోడైతే కిడ్నీల మీద దెబ్బ పడుతుంది, బీపీ కూడా పెరుగుతుంది. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాం.

ఇప్పుడే మొదలుపెట్టాల్సింది పిక్కల వ్యాయామం. పరుగులో పిక్క లోపలి కండరం మీద ఒంటి బరువుకు ఆరేడు రెట్లు భారం పడుతుంది. అది అలసిపోతే ఆ భారమంతా ఎముక మీదికి వెళ్తుంది. మెట్టు అంచు మీద ముందు పాదాలు ఆనించి, గోడ పట్టుకుని నిలబడండి. రెండు సెకన్లలో మడమలు పైకి, మూడు సెకన్లలో మెట్టు కన్నా కిందికి. పదిహేను సార్లు చొప్పున మూడు విడతలు. ఒక విడత మోకాళ్లు చాచి, తర్వాతది కొద్దిగా వంచి చేయండి, ఎందుకంటే వంచినప్పుడే లోపలి కండరానికి పని. ఒకరోజు మార్చి ఒకరోజు చేస్తే చాలు. సులువయ్యాక ఒంటికాలితో. ఆగకుండా ఒంటికాలి మీద 25 సార్లు లేవగలిగితే ఆ కాలు పరుగుకు పనికొస్తుంది. నొప్పున్న కాలితో మీకిప్పుడు పదో పన్నెండో దగ్గరే ఆగిపోవచ్చు. వీటితో పాటు వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం పదిహేను సార్లు, పక్కకు పడుకుని మోచేతి మీద లేచి ముప్పై సెకన్లు అలాగే ఉండటం, మెట్టు మీంచి ఒంటికాలితో నెమ్మదిగా కిందికి దిగడం పది సార్లు. ఈ చివరిది చేసేటప్పుడు అద్దంలో చూడండి. మోకాలు లోపలికి వాలిపోతుంటే తుంటి కండరాల్లో బలం చాలడం లేదన్నమాట.

మూడు కుదిరితేనే మళ్లీ పరుగు: నలభై నిమిషాలు గట్టిగా నడిచినా నొప్పి లేకపోవడం, నొక్కితే నొప్పి లేకపోవడం, ఒంటికాలి మీద పది గెంతులకు నొప్పి లేకపోవడం. రెండు వారాలకే కుదరొచ్చు, నాలుగు పట్టినా కంగారు పడకండి. ఆగస్టుకు చాలా సమయం ఉంది.

పరుగు వారానికి మూడు రోజులే. మంగళ, గురు, ఆదివారాలు అనుకోండి. ప్రతిసారీ ముందు అయిదు నిమిషాలు, చివర అయిదు నిమిషాలు నడక. మధ్యలో మొదటివారం ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఎనిమిది సార్లు. రెండో వారం రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక ఆరుసార్లు. మూడో వారం మూడు, రెండు చొప్పున అయిదుసార్లు. నాలుగో వారం పెంచకండి, మూడో వారమే మళ్లీ చేయండి, ఎందుకో పైన చెప్పాం. అయిదో వారం అయిదు నిమిషాల పరుగు, రెండు నడక, నాలుగుసార్లు. ఆరో వారం ఎనిమిది, రెండు, మూడుసార్లు. ఏడులో ఆరోదే మళ్లీ. ఎనిమిదిలో పన్నెండు, రెండు, రెండుసార్లు. తొమ్మిదో వారం ఆగకుండా 25 నిమిషాలు. ఏ వారమైనా కష్టమనిపిస్తే అదే ఇంకోసారి చేయండి, ముందుకు దూకకండి. మొదటివారం మీకు హాస్యాస్పదంగా అనిపిస్తుంది, "ఇదేం పరుగు, నేను 2 కిలోమీటర్లు ఆగకుండా పోతాను కదా" అని. మీరు పోగలరు, మీ కుడికాలు పోలేదు.

నొప్పిని పదికి మార్కులేసి చూసుకోండి. పరుగులో రెండు మార్కుల లోపు ఉండి, మర్నాడు పొద్దున మంచం దిగేసరికి లేకపోతే సాగించవచ్చు. మూడు దాటినా, మర్నాడు మిగిలినా ఒక వారం వెనక్కి. మీరు "వేడెక్కాక తగ్గుతోంది" అన్నారు, అది ధైర్యం తెచ్చుకోవాల్సిన గుర్తు కాదు. షిన్ స్ప్లింట్స్ మొదటి దశ అలాగే ఉంటుంది. తర్వాతి దశలో పరుగంతా ఉంటుంది, ఆ తర్వాత నడకలోనూ.

అడుగు పొడుగు కూడా తగ్గించండి. ఒక అర నిమిషం పాటు కుడిపాదం ఎన్నిసార్లు నేలను తాకిందో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి, నిమిషానికి మీరు వేసే అడుగులు తెలుస్తాయి. 150 దగ్గర వస్తే, వేగం పెంచకుండా చిన్న అడుగులతో 160కి తీసుకురండి. పాదం ఒంటికి ముందు ఎక్కడో కాకుండా, దాదాపు ఒంటి కిందే పడుతుంది. మోకాలి మీదా ముందు ఎముక మీదా దెబ్బ తగ్గుతుంది. అందరికీ 180 ఉండాలని చెప్పేవాళ్లను పట్టించుకోకండి, మీ వేగానికి అది అక్కర్లేదు.

మీ ఆవిడ భయం గురించి. సరదాకు, ఆరోగ్యానికి పరుగెత్తేవాళ్ల మోకాళ్లు అరిగిపోతాయన్నది నిలవని మాట. పాత అధ్యయనాలన్నిటినీ కలిపి 2017లో వచ్చిన ఒక సమీక్షలో, మోకాలి, తుంటి కీళ్ల అరుగుదల సరదా రన్నర్లలో 3.5 శాతం, అసలు పరుగెత్తనివాళ్లలో 10.2 శాతం కనిపించింది. పోటీల కోసం ఏళ్ల తరబడి భారీగా పరుగెత్తేవాళ్లలో మాత్రం 13.3 శాతం. పరుగు వల్లే తక్కువ వచ్చిందని దీన్నిబట్టి తీర్మానించలేం, సన్నగా ఉన్నవాళ్లే పరుగుకు వస్తారు కదా. కానీ వారానికి ఇరవై కిలోమీటర్లు మీ మోకాలిని తినేయవు. కూర్చుని లేచేటప్పుడో మెట్లు దిగేటప్పుడో చిప్ప చుట్టూ నొప్పి వస్తే అది చాలావరకు అరుగుదల కాదు, తొడ, తుంటి కండరాల బలహీనత. పైన చెప్పిన మెట్టు వ్యాయామం దానికి కూడా మందే.

బూట్లకు ఎనిమిది వేలు అక్కర్లేదు. మూడు నాలుగు వేలలో రన్నింగ్ కోసమే చేసినవి దొరుకుతాయి. కాన్వాస్ బూట్లు మాత్రం డ్రిల్లు పీరియడ్‌కే ఉంచండి. సాయంత్రం పూట, కాళ్లు కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు, పరుగుకు వేసుకునే సాక్సులతోనే వెళ్లి కొనండి. నిలబడితే కాలి పెద్ద వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, మడమ జారకూడదు, పక్కలు నొక్కకూడదు. మనవాళ్ల పాదాలు ముందు వెడల్పుగా ఉండటం ఎక్కువ, అందుకే సైజు ఒకటి పెంచేకన్నా వెడల్పు మోడల్ దొరుకుతుందేమో అడగండి. షాపులోనే నాలుగడుగులు పరుగెత్తి చూడండి, మొదటి నిమిషంలో హాయిగా లేనిది నెల తర్వాతా హాయిగా ఉండదు. వేగం కోసం అడుగున కార్బన్ ప్లేట్ పెట్టినవి మీకు అనవసరం. నూలు సాక్సులు చెమటకు తడిసి బొబ్బలు తెస్తాయి, పాలిస్టర్‌వి తీసుకోండి. ఒక జత 600 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది. మీ లెక్కన ఏడాది.

బరువు దగ్గర మీ అంచనా కొంచెం సవరించాలి. పరుగులో ఖర్చయ్యేది, సుమారుగా, కిలో బరువుకు కిలోమీటరుకు ఒక కేలరీ. వారానికి 12 కిలోమీటర్లంటే మీకు వెయ్యి కేలరీల లోపే. కిలో కొవ్వులో దాదాపు 7,700 ఉంటాయి. అంటే తిండి మారకుండా ఒక్క పరుగుతోనే కిలో తగ్గాలంటే ఎనిమిది వారాలు. ఆదివారం పరుగు అయ్యాక గ్రూపు మొత్తం టిఫిన్ సెంటర్‌కు పోయి తినే ఒక్క నెయ్యి కారం దోసె, వడ, చక్కెర టీతో ఆ పూట లెక్క సమానమైపోతుంది. పరుగు గుండెకు, షుగర్‌కు, నిద్రకు. బరువు తగ్గేది కంచం దగ్గర.

పది కిలోలకు బదులు ఆరు పెట్టుకోండి. షుగర్ అంచున ఉన్నవాళ్ల మీద అమెరికాలో జరిగి 2002లో ఫలితాలు వచ్చిన పెద్ద అధ్యయనంలో, బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడకలాంటి శ్రమ అన్న లక్ష్యాలు పెట్టుకున్నవాళ్లలో షుగర్ జబ్బు 58 శాతం తక్కువగా వచ్చింది. 82 కిలోల్లో 7 శాతం ఆరు కిలోల లోపే. ఎముక మానుతున్నప్పుడు కడుపు మాడ్చుకుంటే అది మానదు. రాత్రి అన్నం సగానికి తగ్గించి, ఆ ఖాళీలో పప్పు, కూర పెంచండి. రోజుకు 80 నుంచి 90 గ్రాముల ప్రొటీన్ కావాలి. రెండు గుడ్లలో 12, కప్పు పెరుగులో 6 లేదా 7, యాభై గ్రాముల పచ్చి పప్పుతో వండిన పప్పులో 12, గుప్పెడు నానబెట్టిన శనగల్లో 8 నుంచి 10, గ్లాసు పాలలో 8, అన్నం, రొట్టెల్లో ఇంకో పదిహేను. మిగతాది మాంసాహారులైతే చికెన్, చేపతో ఇట్టే వస్తుంది, కాకపోతే సోయా, పనీర్ కలపాలి. రక్త పరీక్ష చేయించినప్పుడు విటమిన్ డి, బి12 కూడా చూపించుకోండి. పొద్దంతా తరగతి గదిలో ఉండేవాళ్లకు డి తక్కువ ఉండటం మామూలు, ఎముక నొప్పికి అదీ ఒక కారణం. రాత్రి భోజనం కాగానే పదిహేను నిమిషాల నడక షుగర్‌ను నేరుగా దించుతుంది. దీన్ని పరుగు లేని రోజుల్లో కూడా మానకండి. రేపు షుగర్‌కు మందు మొదలైతే, అందులో గ్లిమెపిరైడ్ ఉంటే, పరగడుపున పరుగెత్తకూడదు, షుగర్ పడిపోతుంది. మెటోప్రొలాల్ వేసుకునేవాళ్లకు అలాంటప్పుడు వచ్చే గుండెదడ కూడా తెలియదు. అప్పటిదాకా అరగంట పరుగుకు ముందు ఒక గ్లాసు నీళ్లు చాలు, ఆకలేస్తే సగం అరటిపండు.

మే నెలలో మీ లక్ష్యం పెంచడం కాదు, పోగొట్టుకోకుండా ఉండటం. మీ ఊళ్లో ఆ నెల తెల్లవారుజామున కూడా గోడలు వేడి వదులుతూనే ఉంటాయి. అయిదింటికి మొదలుపెట్టి ఆరులోపు ఇంటికి చేరండి. 25, 30 నిమిషాలు, వారానికి మూడుసార్లు, అంతే. వేడికి ఒళ్లు అలవాటుపడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది, ఆ రోజుల్లో వేగం ఎంత తగ్గినా తగ్గనివ్వండి. పరుగుకు ముందు, తర్వాత చెమట తుడుచుకుని బరువు చూసుకోండి. అర కిలో తగ్గితే అర లీటరు చెమట పోయినట్టు. ఆ లెక్కన నిదానంగా తాగండి. బరువు పెరిగేంత నీళ్లు తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడిపోతుంది. గంటలోపు పరుగుకు ఓఆర్ఎస్ అక్కర్లేదు, బీపీ ఉన్న మీకు అందులోని ఉప్పు రోజూ మంచిది కాదు. వాడాల్సి వస్తే పొడి ప్యాకెట్ మొత్తం, దాని మీద ఎన్ని నీళ్లని రాసి ఉంటే అన్నిట్లోనే కలపాలి; లీటరుకని ఉన్నదాన్ని గ్లాసులో కాదు. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని చక్కెర నీళ్లు అమ్మే టెట్రా ప్యాకుల మీద ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆ పేరు వాడకూడదని ఆదేశాలిచ్చింది. షాపులో పాత సరుకు కనపడినా కొనకండి.

ఆ వేళకు రోడ్డు మీద మనుషుల కన్నా కుక్కలు ఎక్కువ. మీదికి వస్తే పరుగు పెంచకండి, నడకలోకి దిగి కళ్లలోకి చూడకుండా పక్కకు తప్పుకోండి. కరిస్తే, గీరినా సరే, పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదేరోజు టీకా వేయించుకోవాలి. జ్వరం ఉన్నరోజు పరుగు వద్దు. డెంగీ, చికున్‌గున్యా వచ్చి తగ్గితే డాక్టర్ చెప్పేదాకా నడక మాత్రమే.

జూన్ నుంచి ఆదివారం పరుగును పొడిగించండి. జూన్‌లో 4 నుంచి 5.5 కిలోమీటర్ల దాకా మెల్లగా, జూలైలో 6, 7, ఒకవారం 5కి తగ్గించి, తర్వాత 8. ఆగస్టు రెండో ఆదివారానికి 9. రేసుకు ముందు ఆదివారం 5 చాలు. మంగళ, గురువారాలు 4, 5 కిలోమీటర్లు దాటకండి. హైదరాబాద్ రోడ్లు చదునుగా ఉండవు, అందుకే జూలై నుంచి గురువారం పరుగులో ఒక ఏటవాలు రోడ్డును కలుపుకోండి. ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చేసి, పద్యం చదవగలిగే ఊపిరితోనే ఎక్కండి, వేగం ఎంతకు పడిపోయినా సరే.

గంట లక్ష్యం ఈ ఆగస్టుకు వద్దు. ఒక లెక్క చెబుతాం, మీరే చూసుకోండి. జూలై మూడో వారంలో 5 కిలోమీటర్లు మీ శక్తికొద్దీ పరుగెత్తి టైం చూడండి, కాలు బాగుంటేనే. దాన్ని 2.085తో హెచ్చిస్తే మీ 10కె అంచనా వస్తుంది. 10కె గంటలో రావాలంటే 5కె 28 నిమిషాల 45 సెకన్లలో రావాలి. మీకు 35 నిమిషాలు వచ్చిందనుకోండి, 10కెకు 73 పడుతుంది. ఆగస్టు తేమకు చెమట ఆరదు, దానికి ఇంకో మూడు నాలుగు కలుపుకోండి. 80 నిమిషాల లోపు, నొప్పి లేకుండా పూర్తి చేయడం మీకు సరైన మొదటి గురి. ఆ ఊపులో వారానికి మూడు రోజులు మానకుండా ఉంటే, చలికాలంలో 65 దగ్గరికి వస్తారు, గంట గురించి అప్పుడు మాట్లాడుకోవచ్చు.

రేసు రోజు మొదటి 2 కిలోమీటర్లు అందరూ మిమ్మల్ని దాటిపోతారు, పోనివ్వండి. అయిదు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక పద్ధతిలో వెళ్లడానికి మొహమాటపడకండి, నడక మొదటి కిలోమీటరు నుంచే ఉండాలి, అలసిపోయాక కాదు. నడిచేటప్పుడు రోడ్డు అంచుకు జరగండి, వెనకవాళ్లు గుద్దుకోకుండా. కొత్త బూట్లు, కొత్త టిఫిన్, స్టాల్స్‌లో శక్తి కోసమని ఉచితంగా ఇచ్చే తీపి జెల్ ఆ రోజు ముట్టుకోకండి. బిబ్, అంటే ఛాతీకి పెట్టుకునే నంబరు కాగితం, వెనక మీ మందు పేరు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్ రాసి పెట్టండి. పొద్దున వేసుకునే బీపీ మాత్రను ఆ రోజు ఏ వేళకు వేసుకోవాలో ముందే డాక్టర్‌ను అడిగి, అదే వేళకు జూలైలో ఒకటి రెండు ఆదివారాలు వేసుకుని పరుగెత్తి చూడండి.